వైమానిక దూరం

ఆ మాట మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పు అనుకున్నాను. "ఒక కిలోమీటరు వైమానిక దూరంలోపు మరో ప్రభుత్వ పాఠశాల ఉన్నచోట, పిల్లలు తక్కువగా ఉన్న పాఠశాలను అందులో విలీనం చేయవచ్చును" అని ఉంది. మా బడి పెద్ద టీచరమ్మ ఆ కాగితం మడతలు విప్పి నా చేతిలో పెట్టి, వాకిలి వైపు ఒకసారి చూసుకుంది.

"నేను చూపించానని ఎక్కడా అనకండి. గవర్నమెంటు ఉద్యోగినండి, నోరు తెరవకూడదు. మీరు బడి కమిటీ చైర్మన్ కదా, మీరే వెళ్లి మాట్లాడాలి."

"వైమానికం అంటే ఏందమ్మా?"

"విమానం ఎగిరే దారి అని కాబోలండి. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఎవరో ఇలా తెలుగు చేశారు."

మా బడి కొండాపూర్‌లో, అద్దాల భవనాల వెనక, ఆ భవనాలు కట్టడానికి వచ్చి అక్కడే ఉండిపోయిన వాళ్ల బస్తీలో ఉంది. రెండు గదులు, ఒక వరండా, ముప్పై ఎనిమిది మంది పిల్లలు. అందులో మూడో తరగతి చదివే ఒక పిల్ల నా కూతురు. లేటు వయసులో పుట్టింది. బడి మా ఇంటి నుంచి నూట పది అడుగులు. అడుగులంటే టేపు మీద అడుగులు, కాళ్లవి కాదు.

నేను టైల్స్ పనిలో కొలతలు చూసే మనిషిని. ఏడో తరగతితో చదువు ఆగింది. మిగతా లెక్కంతా సైట్ల మీద నేర్చుకున్నాను. గది కొలిచి, ఎన్ని టైల్స్ పడతాయో, కోతలో ఎన్ని పోతాయో చెప్పడం నా పని. ఈ పనిలో మొదట నేర్చుకునేది ఒకటుంది. ఇంజనీరు గీసిన గీత ఒకటి, నేల ఇంకొకటి. గీతలో లేని స్తంభం నేల మీద ఉంటుంది. దాన్ని లెక్కలో వేసుకోని వాడి టైలు చివరి వరసలో ఎప్పుడూ పొట్టిగా పడుతుంది.

విలీనం అంటే మా పిల్లలు ఎక్కడికి పోవాలో అడగక్కర్లేదు. మెయిన్ రోడ్డు అవతల ఇంకో సర్కారు బడి ఉంది. మా బడి వరండాలో నిలబడితే దాని నీళ్ల ట్యాంకు కనిపిస్తుంది. మధ్యలో ఆరు వరసల రోడ్డు, నడుమ ఇనుప కంచె ఉన్న డివైడరు. దాటడానికి దారి లేదు. ఎడమ చేతి వైపు పోయి, ఫ్లైఓవర్ మొదలయ్యే చోటు దాటి, అండర్‌పాస్‌లో దిగి, అవతల ఎక్కి, మళ్లీ అంత దూరమూ వెనక్కి రావాలి.

ఆ ఆదివారం సైటు నుంచి కొలత చక్రం తెచ్చుకుని దాన్ని దొర్లించుకుంటూ నడిచాను. రెండు వేల మూడు వందల నలభై మీటర్లు. ఒకసారి కొలిచినది కొలత కాదు కాబట్టి తిరిగి వచ్చేటప్పుడూ కొలిచాను. ఆరు మీటర్లు తేడా వచ్చింది. అండర్‌పాస్‌లో నీళ్లు నిలిచిన చోటు చుట్టూ తిరిగినందుకు వచ్చిన తేడా అది. ఫోన్ మ్యాపులో రెండు బడుల మధ్య నేరుగా గీత గీస్తే ఆరు వందల ఇరవై మీటర్లు వచ్చింది. అంటే మా బడి మూసేయడానికి మూడు వందల ఎనభై మీటర్ల వెసులుబాటు ఉంది వాళ్లకు.

టీచరమ్మ చూపించిన ఆ కాగితం సభ ముందుకు రాబోతున్న బడుల బిల్లులోది. ఆ బిల్లులో రెండు భాగాలు. మొదటిది, పేదింటి పిల్లలకు అదే కిలోమీటరు లోపల వాళ్ల అమ్మానాన్నలు కోరుకున్న ప్రైవేటు బడిలో సర్కారే ఫీజు కట్టడం. రెండోది, ఈ విలీనం. మొదటి భాగం గురించి పేపర్లలో పెద్ద పెద్ద అక్షరాలతో రాశారు. 'ఇక బడి మీ ఇష్టం' అని బస్టాపుల్లో బొమ్మలు వేశారు. రెండో భాగం ఎక్కడా కనిపించలేదు.

ప్రజాభిప్రాయం వినడానికి సభా సంఘం హైటెక్ సిటీలో ఒక పెద్ద హోటల్లో కూర్చుంది. సర్కారు బడుల గురించి మాట్లాడడానికి సర్కారు బడి ఒక్కటీ దొరకలేదేమో. గుమ్మం దగ్గర ఒక అమ్మాయి నా మెడలో కార్డు వేసింది. 'పేరెంట్ స్టేక్‌హోల్డర్' అని రాసి ఉంది. హాల్లో చలికి పళ్లు కొట్టుకున్నాయి. ముందు వరసలో బల్లల మీద పూలు, పూల వెనక సభ్యులు, సభ్యుల వెనక వాళ్ల ఫోన్లు పట్టుకునే వాళ్లు.

మొదట ఒక కన్సల్టెంటు తెర మీద హైదరాబాదు మ్యాపు చూపించాడు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. నగరమంతా ఎర్ర చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ ఒక నీలం గుండ్రం. చుక్క అంటే బడి. గుండ్రం అంటే ఒక కిలోమీటరు. రెండు గుండ్రాలు ఒకదాని మీద ఒకటి పడితే 'ఓవర్‌ల్యాప్' అన్నాడు. ఓవర్‌ల్యాప్ అంటే వేస్టేజీ అన్నాడు. నాకు నవ్వొచ్చింది. వేస్టేజీ అంటే నాకు తెలుసు. కొయ్యాల్సింది కొలవకుండా కోస్తే వచ్చేది వేస్టేజీ.

అప్పుడు ప్రతిపక్షం సభ్యుడొకాయన లేచాడు. దూరపు జిల్లా నుంచి గెలిచి వచ్చినాయన. చేతిలో తెలుగు కాగితం ఉంది.

"అధ్యక్షా, ఈ వైమానిక దూరం సంగతి మాకు సమజైతలేదు. మా దిక్కు విమానాలు ఏడున్నయి? ఎయిర్‌పోర్టు దగ్గర బడులకు ఒక రూలు, మాకొక రూలా? ఇది మా జిల్లాకు అన్యాయం."

హాల్లో ఒక్కరు కూడా నవ్వలేదు. సంఘం అధ్యక్షుడు తల ఊపి, "మంచి పాయింటు. ఎయిర్‌పోర్టు లేని జిల్లాల గురించి కూడా ఆలోచిద్దాం," అన్నాడు. పక్కనున్న అధికారి ఆ మాట రాసుకున్నాడు. నా కళ్లతో చూశాను. రాసుకుని కింద గీత కూడా గీశాడు.

నా వంతు వచ్చినప్పుడు రెండు నిమిషాలు అన్నారు. టైల్స్ కొలిచేవాడినని చెప్పి, నా లెక్క చెప్పాను. నేరుగా ఆరు వందల ఇరవై, నడిస్తే రెండు వేల మూడు వందల నలభై. వైమానిక అనే మాట తీసేసి 'నడిచి వెళ్లే దూరం' అని రాయండి, అంతకన్నా ఏమీ అడగను అన్నాను. "మా బిడ్డకు ఎనిమిదేండ్లు సార్. దానికి రెక్కలు రాలేదు ఇంకా."

అప్పుడు నవ్వారు. అధ్యక్షుడు కూడా నవ్వాడు. "చాలా బాగా చెప్పావు పెద్దాయనా. ఏం చదువుకున్నవ్?"

"ఏడు."

"చూశారా, ఏడో తరగతి చదివినాయన మనకు లెక్క చెప్తుండు," అని చప్పట్లు కొట్టించాడు. చప్పట్లు కొట్టించే వాడు పని చేయడని నాకు సైట్ల మీదే తెలుసు. అయినా ఆ రెండు నిమిషాలు నమ్మాను. సిగ్గుపడాల్సిన విషయమే.

భోజనాల దగ్గర మూడు రకాల బిర్యానీ ఉంది. నేను టీ పట్టుకుని ఒక స్తంభం పక్కన నిలబడ్డాను. స్తంభం అవతల అధ్యక్షుడు, ఆ ప్రతిపక్షం సభ్యుడు, ప్రైవేటు బడుల సంఘం తరఫున వచ్చిన ఒక యజమాని ప్లేట్లు పట్టుకుని మాట్లాడుకుంటున్నారు. నన్ను చూశారు కూడా. చూసినా గొంతు తగ్గించుకోవాలని వాళ్లకు తోచలేదు.

యజమాని అన్నాడు: "నడిచే దూరం అని పెడితే మా పని అయిపోయినట్టేనండి. ఒక్కో బడికి చుట్టూ నాలుగు సందులు కూడా మిగలవు. గుండ్రం గుండ్రంగానే ఉండాలండి. అందులో ఎంతమంది పిల్లలుంటే అంతమందికి సర్కారు ఫీజు కడుతుంది కదండీ మరి."

సభ్యుడు ఎముక తీసి పక్కన పెట్టాడు. "గుండ్రం ఉంచుకోండి, మాకేం ఫికర్ లేదు. కాని మా దిక్కు ప్రైవేటు బడులకు గుర్తింపు గడువు రెండేండ్లు పెంచాలె. లేకుంటే సభల ఈ నడక మాట మీద లొల్లి చేస్త."

"రెండేండ్లు గాదు, ఏడాదిన్నర," అన్నాడు అధ్యక్షుడు. "నడక మాట ఎత్తొద్దు."

"నడక నాకెందుకు? అది ఆ టైల్సాయన గోల."

"ఆయనకు గూడ ఏదన్న ఇద్దాం. ఆ వైమానికం అన్న మాట తీసేద్దాం. ఖుషీ అయితడు."

ముగ్గురూ ఒప్పుకున్నారు. నా టీ చల్లారకముందే అయిపోయింది. గ్రానైట్ బేరంలో ఒక్క స్లాబు గురించి ఇంతకన్నా ఎక్కువసేపు కొట్లాడుకునే వాళ్లను చూశాను. ఇందులో నాకు అసహ్యం వేసింది అమ్ముకున్నందుకు కాదు. అమ్ముకునే వాడికి తన సరుకు ఏమిటో తెలిసి ఉంటుంది. వీళ్లకు అదీ తెలియదు. నడక అంటే ఏమిటో, గుండ్రం అంటే ఏమిటో ఆ సభ్యుడు ఒక్కసారైనా ఆలోచించలేదు. మా బడిని ఇచ్చేశాడు. తన దగ్గర అదొకటి ఉందని కూడా ఆయనకు తెలియదు.

మధ్యాహ్నం అధ్యక్షుడు మైకులో నన్ను లేచి నిలబడమన్నాడు. "ఈ పెద్దాయన మాట గౌరవించి వైమానిక అనే పదం తొలగిస్తున్నాం. ఇక నుంచి ఒక కిలోమీటరు దూరం, అంతే." మళ్లీ చప్పట్లు.

నేను కన్సల్టెంటు దగ్గరికి పోయాను. కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు.

"బాబూ, ఒట్టి దూరం అంటే ఏ దూరం?"

"అంటే అంకుల్, యాక్ట్‌లో డిఫైన్ చేయలేదు. కాబట్టి మ్యాప్ టూల్ ఏం తీసుకుంటే అది."

"మీ మ్యాపు ఏం తీసుకుంటది?"

"స్ట్రెయిట్ లైన్, అంకుల్. అదే డిఫాల్ట్."

"మార్చరాదా?"

"మార్చొచ్చు, ఒక క్లిక్కే. కానీ ఎవరైనా చెప్పాలి కదా."

మాట పోయింది, గీత ఉండిపోయింది. అంతమంది పెద్దమనుషులు, అన్ని పూలు, అంత బిర్యానీ పెట్టుకుని సాధించింది ఇది. రాతలో ఉన్న తప్పును కంటికి కనిపించని చోట దాచిపెట్టారు.

తరవాత నేను ఆ అధ్యక్షుడికి నాలుగు ఉత్తరాలు రాశాను, ఒకసారి వచ్చి చూడమని. నాలుగో దానికి వచ్చాడు. ముందు రోడ్డు అవతల బడికి పోయి, అక్కడి నుంచి కారులో మా బడికి బయలుదేరాడు. మేమంతా వరండాలో నిలబడి అవతల ఆయన కారు ఎక్కడం చూశాం. నా కూతురు చెయ్యి కూడా ఊపింది. ఇరవై ఆరు నిమిషాల తరవాత కారు మా వాకిట్లోకి వచ్చింది.

"ఏం ట్రాఫిక్, ఏం ట్రాఫిక్," అంటూ దిగాడు. "పదకొండుకు అనుకున్న, ఇంత లేటైంది."

నేను డ్రైవర్ని అడిగాను, మీటర్లో ఎంత తిరిగిందని. మాలాంటి వాడే, పాలమూరు వైపు మనిషి. వంగి చూసి, "రెండు పాయింట్ ఎనిమిది అన్నా. యూటర్న్ దూరముంది కదా," అన్నాడు.

"సార్, మీ కారుకే రెండు పాయింట్ ఎనిమిది," అన్నాను.

అధ్యక్షుడు నా భుజం మీద చెయ్యి వేశాడు. "అదే చెప్తున్న. ఈ ఏరియాల ట్రాఫిక్ ప్రాబ్లం శానా ఉంది. నేను పోలీసోళ్లకు చెప్త." పిల్లలతో ఫోటో దిగాడు. ఆరు నిమిషాలు ఉన్నాడు. మా టీచరమ్మ గోడకు ఆనుకుని నిలబడి నేల చూస్తూ ఉంది. నవ్వుతోందో ఏడుస్తోందో నేను చూడలేదు.

బిల్లు సభలో గడిచింది. వేసవి సెలవుల్లో మా బడి గేటుకు విలీనం నోటీసు అంటించారు. దానితోపాటు ఇంటింటికీ ఒక కబురు వచ్చింది, ఫోన్లో ఫారం నింపి మీకు నచ్చిన మూడు బడులు ఎంచుకోండని. మా ఇంటి చిరునామా కొడితే రెండే వచ్చాయి. ఒకటి రోడ్డు అవతలి సర్కారు బడి. రెండోది ప్రైవేటు బడి, మాకు వెనక వైపు నాలుగు వందల మీటర్లే. మా ఆవిడ ఎదురు టవర్లో హౌస్ కీపింగ్ చేస్తుంది. రెండో పేరు చూసి ఆమె ముఖం వెలిగింది. "ఇంగ్లీష్ మీడియం. యూనిఫాం మంచిగుంటది. పోయి చూసి రారాదు?"

పోయాను. ఆ బడి ఒక గేటెడ్ కమ్యూనిటీ లోపల ఉంది. ఆ ఇళ్లలో రెండు బ్లాకుల ఫ్లోరింగు నేనే కొలిచాను. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి రిజిస్టరు తెరిచాడు.

"ఏ ఫ్లాటు అన్నా?"

"ఫ్లాటు గాదు. బడికి వచ్చిన. పిల్లను చేర్పియ్యాలె."

"ఫ్లాటు నంబరు చెప్తే వాళ్లకు ఫోన్ కొడత. వాళ్లు అప్రూవ్ చేస్తే పంపిస్త."

"బడికి ఫోన్ కొట్టు."

కొట్టాడు. చాలాసేపు విని, ఫోన్ పెట్టేసి, పాపం ఇబ్బంది పడ్డాడు. "సర్కారు సీట్ల పిల్లలకు వెనక గేటు అంట అన్నా."

"వెనక గేటు ఎక్కడ?"

"అది అసోసియేషనోళ్లు మూయించిండ్రు."

"మరి?"

"మరి ఏం లేదన్నా. నీకైతే దొంగతనం చేయడానికి కూడా ఫ్లాటు నంబరు కావాలె ఇక్కడ," అని నవ్వి, నవ్వినందుకు నాకు మంచినీళ్లు ఇచ్చాడు.

ఇంటికి వచ్చి, ఫారంలో ఏమీ నింపను, పిల్లను ఇంట్లోనే ఉంచి అర్జీ మీద అర్జీ పెడతాను అన్నాను. మా ఆవిడ గిన్నె కింద పెట్టింది.

"నీ లెక్క సర్కారుకు చెప్పినవ్ గదా. విన్నరా? ఇగ నాకు చెప్పకు. జూన్ వస్తున్నది. దానికి మూడో ఎక్కం దాటి రాలేదు, నువ్వు అర్జీలు పెట్టుకుంట కూసుంటే అది నాలాగ చీపురు పట్టాలె." ఫోన్ నా చేతిలోంచి తీసుకుని తనే నొక్కింది. మొదటి ఇష్టం దగ్గర రోడ్డు అవతలి బడి. రెండు, మూడు ఖాళీ. ఖాళీ వదిలితే ఫారం తీసుకోలేదు. అదే బడిని మూడుసార్లు నొక్కింది. తీసుకుంది. 'మీ ఎంపికకు ధన్యవాదాలు' అని వచ్చింది.

ఉదయం పూట కొలతలకు పోవడం మానేశాను. మేస్త్రీ కొన్నాళ్లు గొణిగి ఊరుకున్నాడు. మొదటి రోజు మా బస్తీ పిల్లలు ముప్పై ఎనిమిది మందిలో వచ్చిన ముప్పై ఒక్కమందిని వెంట పెట్టుకుని బయలుదేరాను. అందరికన్నా చిన్నది ఒకటో తరగతి పిల్ల. దాని అడుగుకు మూడడుగులు వేయకూడదని మిగతావాళ్లను ఆపుతూ నడవాలి. మెయిన్ రోడ్డెక్కి ఎడమకు తిరగగానే నా కూతురు నా చెయ్యి లాగింది.

"బడి అదే గద నాయనా. కనపడుతున్నది గద. ఇటు ఎందుకు పోతున్నం?"

"ఇటు పోతేనే అది వస్తది."

"మరి వాళ్లో?" అంది.

పెద్ద పిల్లలు ఇద్దరు అప్పటికే సంచులు కంచె మీదుగా అవతలికి విసిరి, డివైడరు ఎక్కి నిలబడి ఉన్నారు. బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. నేను అరిచిన అరుపు వాళ్లకు వినపడలేదు. వాళ్లు దాటారు. మాకన్నా నలభై నిమిషాల ముందు బడిలో ఉన్నారు, ప్రార్థనలో మొదటి వరసలో. మా పిల్లలు చేరేసరికి హాజరు అయిపోయింది.

మా పెద్ద టీచరమ్మను అక్కడికే వేశారు. ఇప్పుడు ఆమె పెద్ద టీచరు కాదు, మామూలు టీచరు. ఆలస్యంగా వచ్చిన వాళ్లను ఫోన్లో ఎక్కించే పని ఆమెది.

"కారణం అడుగుతుందండి ఇది. ఏం పెట్టమంటారు?"

"దూరం అని పెట్టండమ్మా."

"దూరం లేదండి ఇందులో. అస్వస్థత, కుటుంబ శుభకార్యం, తల్లిదండ్రుల నిర్లక్ష్యం. మూడే."

ఆమె ఒక్కో పేరు ఎదురుగా అస్వస్థత అని నొక్కుకుంటూ పోయింది. నా కూతురు తొంగి చూసి, "నాకు జరం రాలేదు టీచర్," అంది.

"తెలుసమ్మా. వెళ్లి కూర్చో."

తరవాత ఇంకా ముందు బయలుదేరడం అలవాటైంది కానీ, వానలకు అండర్‌పాస్ నిండిన రోజుల్లో మళ్లీ అదే. రెండు నెలలకు ఆ బడికి ఒక నర్సమ్మ వచ్చింది. ఒకే బస్తీలో ఇంతమంది పిల్లలకు ఇన్నిసార్లు జబ్బు చేస్తోందని పైన ఎవరికో తెర మీద ఎర్ర చుక్క కనిపించిందట. ఒక్కొక్కరి నాలుక చూసి, కనురెప్పలు విప్పి చూసి, అందరికీ ఐరన్ మాత్రలు ఇచ్చింది. మేము దూరం అన్నాం. సర్కారు రక్తం పట్టే మందు ఇచ్చింది.

ఫ్లైఓవర్ మొదలయ్యే చోట నేను రోజూ ఒకసారి పిల్లల్ని లెక్కపెడతాను. ముప్పై ఒకటి మూడు వారాల్లో ఇరవై ఆరు అయింది. దసరా సెలవుల తరవాత ఇరవై రెండు. రానివాళ్లలో కొందరు డివైడరు ఎక్కుతున్నారు, కొందరు అమ్మల వెంట సైట్లకు పోతున్నారు, ఇద్దరిని ఊళ్లకు పంపేశారు. ఈ ఉదయం పంతొమ్మిది. నా కూతురితో కలిపి. బడి రిజిస్టరులో మా బస్తీ పిల్లలు ముప్పై ఎనిమిది మందీ ఉన్నారు.